దిబ్బలో పురుగు, వేరులో పురుగు: పేరు పెట్టే ముందు చూడాల్సినవి

రోహిణి కార్తె చివర్లోనో, మృగశిర మొదట్లోనో ఒక గట్టి వాన పడుతుంది. ఆ సాయంత్రం నుంచి వీధి దీపాల కింద, వేపచెట్ల చుట్టూ గోధుమరంగు పెంకు పురుగులు జుయ్యిమని తిరుగుతాయి. గోడకు కొట్టుకుని వెల్లకిలా పడి కాళ్ళు ఆడిస్తుంటాయి. మా సత్యనారాయణపేట వీధుల్లోనూ అంతే, చుట్టుపక్కల పల్లెల్లోనూ అంతే. కర్ణాటకలో బళ్ళు తెరిచేదీ ఇంచుమించు ఆ రోజుల్లోనే. వర్గీకరణ పాఠం చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. పాఠానికి కావలసిన వస్తువు బడి గోడ మీదే వాలి ఉంటుంది.

ఇది జీవశాస్త్రం మార్కులతో ముగిసే విషయం కాదు. మన పిల్లల్లో చాలామంది తాతలు, మేనమామలు ఇప్పటికీ శెనక్కాయ, మిరప, పత్తి పండిస్తున్నవాళ్ళే. ఆ ఇళ్ళలో ఒక పురుగును ఏ పేరుతో పిలుస్తారో దాన్ని బట్టి మందు కొంటారు. పేరు తప్పితే డబ్బు పోతుంది, ఒక్కోసారి పంటా పోతుంది. అందుకే ఈ వారం వేరు పురుగు గురించి, దాని చుట్టాల గురించి, వాటిని ఒకదాని నుంచి ఒకటి వేరు చేసి గుర్తించే పద్ధతి గురించి చెప్పాలనుకున్నాం.

ఒక పురుగు, మూడు పేర్లు

సరిహద్దుకు అవతల ఆంధ్ర వ్యవసాయ శాఖ కరపత్రంలో దీని పేరు వేరు పురుగు. ఇవతల కన్నడ కరపత్రంలో గొణ్ణె హుళు. శాస్త్రవేత్తల కాగితాల్లో హోలోట్రైకియా. మన బడి పిల్లవాడు ఇంట్లో మొదటి పేరు, ఊళ్ళో రెండో పేరు వింటాడు. పై చదువులకు వెళ్తే మూడోది వింటాడు. మూడూ ఒకటేనని ఎవరైనా చెబితే తప్ప తెలియదు.

ఇక్కడ ఒక చిక్కు కూడా ఉంది. కన్నడ వ్యవసాయ కరపత్రాల్లో పెంకు పురుగును 'దుంబి' అంటారు. ఆ మాట వినగానే తెలుగు పిల్లలకు తుమ్మెద గుర్తొస్తుంది. కన్నడ కవిత్వంలో దుంబి తుమ్మెదే. కరపత్రంలో మాత్రం పెంకు పురుగు. కాబట్టి 'దుంబి బేవిన ఎలె తిన్నుత్తదె' అని చదివి 'తుమ్మెద వేపాకు తింటుంది' అనుకున్న పిల్లవాడికి భాష రాక కాదు, ఆ మాటకు ఉన్న రెండో అర్థం ఎవరూ చెప్పలేదు, అంతే.

1953 అక్టోబరు 1న పాత బళ్ళారి జిల్లాను విడగొట్టినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వెళ్ళాయి, బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. నేల అదే, వాన అదే, పురుగూ అదే. దాని మీద రాసిన సలహాలు మాత్రం అటు తెలుగులో, ఇటు కన్నడలో వస్తున్నాయి. రెండు వైపుల కాగితాలనూ చదవగలిగింది మన బళ్ళలో తెలుగు మాధ్యమంలో చదువుతూ కన్నడ కూడా నేర్చుకుంటున్న పిల్లలే. ఈ సంగతి వాళ్ళకు మనం గట్టిగా చెప్పాలి.

చుట్టరికం తెలిపే మీసం

వేరు పురుగు, పేడ ఉండలు దొర్లించే పేడ పురుగు, కొబ్బరి మొవ్వును తొలిచే కొమ్ము పురుగు, పూల మీద వాలే రంగురంగుల పూల పెంకు పురుగు. ఇవన్నీ ఒకే కుటుంబం. శాస్త్రంలో ఆ కుటుంబం పేరు స్కారబేయిడే. ప్రపంచం మొత్తంలో 30,000కు పైగా జాతులు ఇందులో ఉన్నాయి.

ఇంత పెద్ద కుటుంబాన్ని గుర్తుపట్టడానికి ఒక మంచి ఆనవాలు ఉంది. అది మీసం, పాఠ్యపుస్తకం మాటలో స్పర్శశృంగం. దాని చివర మూడు లేక అంతకంటే ఎక్కువ పలుచని రేకులు ఉంటాయి. పురుగు వాటిని విసనకర్రలా విప్పుతుంది, ముడుస్తుంది. గాలిలో వాసన పట్టేది ఆ రేకులతోనే. పాత గ్రంథాల్లో ఈ పురుగులను లామెల్లికార్నియా అన్నారు, అంటే రేకుల మీసాలవి అని. రెండో ఆనవాలు ముందు కాళ్ళు. అవి వెడల్పుగా, అంచున పళ్ళతో, మట్టి తవ్వడానికి అనువుగా ఉంటాయి.

ఈ రెండూ చూడమంటే పిల్లలు వెంటనే ఒక ప్రశ్న వేస్తారు: 'మరి బంగారు పురుగు సార్?' వానాకాలంలో తుమ్మచెట్ల మీద దొరికే, పచ్చగా తళతళలాడే ఆ పురుగును అగ్గిపెట్టెలో పెట్టి ఆకులు మేపని బాల్యం మన సీమలో తక్కువ. అదీ పెంకు పురుగే. కానీ దాని మీసం రంపపు పళ్ళలా ఉంటుంది, చివర రేకులు ఉండవు. కాబట్టి అది వేరే కుటుంబం. రంగు చూసి కాదు, మీసం చూసి చుట్టరికం తేల్చాలి. వర్గీకరణ అంటే ఏమిటో ఈ ఒక్క పోలికతో పిల్లలకు అర్థమవుతుంది. ఏ లక్షణం ముఖ్యం, ఏది పైపై మెరుపు అని ఎంచుకోవడమే వర్గీకరణ.

దిబ్బలో దొరికిందల్లా వేరు పురుగు కాదు

పెద్ద పురుగులను గుర్తించడం కొంత తేలిక. రైతుకు ఎక్కువగా కనిపించేది మాత్రం పిల్ల పురుగు, అంటే డింభకం. తెల్లగా, లావుగా, గోధుమరంగు తలతో, మూడు జతల కాళ్ళతో, కొడవలిలా వంగి ఉంటుంది. ఈ కుటుంబంలో పిల్ల పురుగులన్నీ దాదాపు ఇలాగే ఉంటాయి. అసలు తంటా ఇక్కడే వస్తుంది.

మా బడిలో ఒక బాబు వాళ్ళ తాతగారిది రాయదుర్గం వైపు ఒక పల్లె. ఎండాకాలంలో ఎరువు తోలడానికి పెంటదిబ్బ తవ్వితే బొటనవేలంత తెల్ల పురుగులు బయటపడ్డాయట. శెనక్కాయ చేనిలో అంతకుముందు ఏడు మొక్కలు ఎండిపోయిన భయం ఆయనకు ఉంది. రెండు పురుగులు కవరులో వేసుకుని మందులంగడికి వెళ్ళారు. అంగడాయన కవరు విప్పకుండానే 'గొణ్ణె హుళు' అని ఒక సీసా చేతిలో పెట్టాడు. మందు దిబ్బ మీద పోశారు. పురుగులు చచ్చాయి. ఆగస్టులో శెనక్కాయ చేనిలో మళ్ళీ అక్కడక్కడా మొక్కలు వడలిపోయాయి. పీకితే వేర్లు కొరికేసి ఉన్నాయి. మందు డబ్బు దిబ్బ మీద ఖర్చయింది, పురుగు చేనిలో ఉంది.

దిబ్బలో మందు తగలని ఒక మూల నుంచి ఆ బాబు నాలుగు పురుగులను ఎరువుతో సహా డబ్బాలో వేసి బడికి తెచ్చాడు. బల్ల మీద తెల్లకాగితం పరిచి వదిలితే నాలుగూ వెల్లకిలా తిరిగి, కాళ్ళు ఆకాశానికి పెట్టి, వీపు మీద పాకుతూ పోయాయి. పిల్లలు విరగబడి నవ్వారు. కానీ అది నవ్వులాటతో పోయే సంగతి కాదు. వీపు మీద పాకే పిల్ల పురుగు పూల పెంకు పురుగుది. అది కుళ్ళిన ఆకు, పేడ, చెత్త తిని ఎరువును మెత్తగా చేస్తుంది. వేరు దాని తిండి కాదు. దిబ్బలో జీతం లేకుండా పనిచేస్తున్న కూలీలను డబ్బిచ్చి చంపించినట్టయింది.

నాలుగు ప్రశ్నలు

తెల్ల పురుగు దొరికినప్పుడు కిందివి వరుసగా చూడమని మా పిల్లలకు చెబుతున్నాం. ఇంట్లో మీరూ చూడవచ్చు. కావలసినవి ఒక తెల్లకాగితం, ఒక భూతద్దం మాత్రమే.

మొదటి ప్రశ్న: కాళ్ళు ఉన్నాయా? మూడు జతల కాళ్ళు స్పష్టంగా ఉంటేనే మన లెక్కలోది. కొబ్బరి, ఈత మానుల్లో దొరికే ఎర్రముక్కు పురుగు పిల్ల కూడా తెల్లగా లావుగా ఉంటుంది, కానీ దానికి కాళ్ళే ఉండవు. అది వేరే కుటుంబం, దాని నివారణ కూడా వేరే.

రెండో ప్రశ్న: ఎక్కడ దొరికింది? బతికున్న మొక్క వేరు దగ్గర మట్టిలోనా, కుళ్ళిన ఎరువులోనా? ఇది ఆధారమే కానీ తీర్పు కాదు. దిబ్బలో పూల పెంకు పురుగు పిల్ల ఉండవచ్చు, కొమ్ము పురుగు పిల్ల కూడా ఉండవచ్చు. మొదటిది మేలు చేస్తుంది. రెండోది దిబ్బలో పెరిగి, పెద్దదై, ఎగిరిపోయి కొబ్బరి మొవ్వు తొలుస్తుంది.

మూడో ప్రశ్న: కాగితం మీద ఎలా నడుస్తుంది? వెల్లకిలా తిరిగి వీపు మీద పాకితే పూల పెంకు పురుగు. ముడుచుకుని పక్కకు పడుకుంటే, లేదా కాళ్ళతో ఈడ్చుకుంటూ పోతే మిగతావాటిలో ఒకటి. కొమ్ము పురుగు పిల్ల బాగా ఎదిగితే 6 నుంచి 10 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. వేరు పురుగు అంత పెరగదు, ఎదిగినది నాలుగు సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. అయితే చిన్న వయసులో ఉన్న కొమ్ము పురుగు పిల్లా అంతే ఉంటుంది కాబట్టి కొలత ఒక్కటే చాలదు.

నాలుగో ప్రశ్నకు భూతద్దం కావాలి. పురుగు చివరి కణుపును అడుగు వైపు నుంచి చూడాలి. మలద్వారం చీలిక మూడు పాయలుగా, పంగలకర్ర ఆకారంలో ఉంటే అది వేరు పురుగుల ఉపకుటుంబం. అడ్డంగా ఒకే గీతలా ఉంటే కొమ్ము పురుగుల వైపు చుట్టం. ఆ చీలికకు ముందు చిన్న చిన్న ముళ్ళు, వెంట్రుకలు ఉంటాయి. కొన్నిటిలో అవి పాపిట తీసినట్టు రెండు వరుసల్లో ఉంటాయి, కొన్నిటిలో చెదురుమదురుగా ఉంటాయి. పిల్ల పురుగులను జాతుల వారీగా విడదీసేటప్పుడు శాస్త్రవేత్తలు ముందుగా చూసే చోట్లలో ఇదొకటి. ఐదో తరగతి పిల్లలు కూడా ఈ అమరికను చూసి బొమ్మ గీయగలరు.

పేర్లు ఎవరు పెట్టారు

పేరు పెట్టే పద్ధతికి పునాది వేసింది స్వీడన్‌కు చెందిన కార్ల్ లిన్నేయస్. 1758లో వెలువడిన తన గ్రంథం పదో కూర్పులో ఆయన ప్రతి జంతువుకూ రెండు మాటల పేరు ఇచ్చాడు. మొదటిది ప్రజాతి, రెండోది జాతి. మన ఇంటిపేరు, పేరు లాంటిదే. మన కొమ్ము పురుగు అందులోనే ఉంది. అప్పుడు దాన్ని స్కారబేయస్ ప్రజాతిలో వేశాడు. ఇప్పుడది ఓరిక్టెస్ రైనోసెరస్. ఓరిక్టెస్ అంటే గ్రీకులో తవ్వేది అని అర్థం. ఇంటిపేరు మారింది, పేరు మారలేదు. ఇలా మారిన చోట మొదట పేరు పెట్టినవారి పేరును, సంవత్సరాన్ని బ్రాకెట్లో రాయడం ఆనవాయితీ. జంతుశాస్త్ర పుస్తకాల్లో కనిపించే ఆ బ్రాకెట్‌కు అంత అర్థం ఉంది.

వేరు పురుగుల్లో ఒకటైన హోలోట్రైకియా సెర్రాటాకు 1781లో పేరు పెట్టింది లిన్నేయస్ శిష్యుడు, డెన్మార్క్‌కు చెందిన ఫాబ్రీషియస్. సెర్రాటా అంటే రంపపు పళ్ళున్నది అని. హోలోట్రైకియా అనే ప్రజాతిని 1837లో హోప్ ఏర్పరిచాడు. అంటే పురుగుకు పేరు వచ్చిన 56 ఏళ్ళకు దానికి ఇప్పటి ఇంటిపేరు పుట్టింది.

ఈ కథలో తెలుగు నేలకూ చోటుంది. లిన్నేయస్ దగ్గరే చదువుకున్న యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ 1768లో తమిళనాడులోని తరంగంబాడికి వైద్యుడిగా వచ్చాడు. కోరమాండల్ తీరమంతా తిరిగి మొక్కలు, పురుగులు సేకరించి ఐరోపాకు పంపాడు. వాటిలో ఎన్నో పురుగులకు ఫాబ్రీషియస్ పేర్లు పెట్టాడు. మన దేశపు చెదపురుగుల గురించి తొలి శాస్త్రీయ వ్యాసం రాసిందీ కోనిగే. ఆయన 1785లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు.

తర్వాత లండన్ బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన గిల్బర్ట్ ఆరో మన దేశపు స్కారబ్ పురుగుల మీద పెద్ద గ్రంథాలు రాశాడు. 1910లో పూల పెంకు పురుగులు, కొమ్ము పురుగులు. 1917లో ఆకులు తినే మెరుపు పెంకు పురుగులు. 1931లో పేడ పురుగులు. కానీ రైతును అందరికంటే ఎక్కువగా ఏడిపించే వేరు పురుగుల ఉపకుటుంబానికి ఆ గ్రంథమాలలో సంపుటమే రాలేదు. అందంగా ఉన్నవి, కొమ్ములున్నవి ముందు పుస్తకాల్లోకి ఎక్కాయి. ఒకే గోధుమరంగులో ఒకదాన్నొకటి పోలి ఉన్నవి వెనకబడ్డాయి. హోలోట్రైకియా ప్రజాతిలో ఏది ఎక్కడ చేరాలన్న సవరణలు ఇప్పటికీ జరుగుతూనే ఉన్నాయి. శాస్త్రం పూర్తయిపోయిన పుస్తకం కాదని పిల్లలకు చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ.

జాతి దాకా ఎందుకు వెళ్ళాలి

'వేరు పురుగని తెలిస్తే చాలదా, అందులో మళ్ళీ జాతులెందుకు?' అని ఒక తండ్రి అడిగారు. న్యాయమైన ప్రశ్నే.

జవాబు వాసనలో ఉంది. ఆడ పురుగు సాయంత్రం చెట్టు మీద వాలి ఒక వాసన వదులుతుంది, దానికి మగవి వస్తాయి. ఉత్తర భారతంలో ఎక్కువగా కనిపించే హోలోట్రైకియా కన్సాంగ్వినియా వదిలే ఆ పదార్థం అనిసోల్ అని 1996లో ప్రచురించారు. దక్కను శెనక్కాయ నేలల్లో ముఖ్యమైన హోలోట్రైకియా రేనాడి కూడా అనిసోల్‌కే వస్తుందని 2002లో ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న పరిశోధనలో తేలింది. ఈ రెండు జాతులకు పనిచేసిన వాసన మూడో జాతికీ పనిచేయాలని లేదు. చేనిలో ఉన్నది ఏ జాతో తెలియకుండా ఎర పెడితే, తాళం ఏదో చూడకుండా చెవులు కొనుక్కున్నట్టే.

జాతి తేల్చడం పైకి కనిపించినంత సులువు కాదు. రెండు గోధుమరంగు పురుగులు కంటికి ఒకేలా ఉండవచ్చు. అప్పుడు శాస్త్రవేత్తలు మగ పురుగు జననాంగపు గట్టి భాగాన్ని బయటికి తీసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. దాని ఆకారం జాతికొక తీరుగా ఉంటుంది. 2003 నుంచి డీఎన్‌ఏ బార్‌కోడ్ పద్ధతి కూడా తోడైంది. పిల్ల పురుగు ఏ పెద్ద పురుగుదో తెలియాలంటే దాన్ని మట్టిలో పెంచి, పెద్దదయ్యేదాకా ఆగాలి. వేరు పురుగుకు ఏడాదికి ఒక్కటే తరం. అంటే ఒక జవాబు కోసం ఏడాది ఓపిక పట్టాలి.

దీనికి పూర్తి భిన్నమైన చిక్కు దక్షిణ అమెరికాలో కనిపిస్తుంది. అర్జెంటీనా గడ్డిమైదానాల్లో డిలోబోడెరస్ అనే ప్రజాతి ఉంది. అందులో ఉన్నది ఒకే ఒక్క జాతి. దాని మగ పురుగు నల్లగా, తల మీద పైకి వంగిన కొమ్ముతో కోడెదూడలా ఉంటుంది. అక్కడివాళ్ళు స్పానిష్‌లో దాన్ని పిలిచే పేరుకు చిన్న ఎద్దు పురుగు అని అర్థం. ఆడదానికి ఆ కొమ్ము లేదు. రెండింటినీ పక్కపక్కన పెడితే వేర్వేరు జాతులనిపిస్తాయి. ఇలా ఆడ మగ తేడాలు చూసి ఒకే జాతికి రెండు పేర్లు పెట్టిన సందర్భాలు ఈ కుటుంబం చరిత్రలో చాలానే ఉన్నాయి. ఆ పురుగు పిల్లలు అక్కడ గోధుమ, గడ్డి వేర్లు తింటాయి. అక్కడి గోధుమ రైతుకూ, ఇక్కడి శెనక్కాయ రైతుకూ ఒకటే కష్టం: శత్రువు మట్టిలో ఉంటుంది, ముఖం కనబడదు.

పేడ పురుగుల విషయంలో గుర్తింపు దేశాన్నే మార్చింది. ఆస్ట్రేలియాలో ఆవుల పేడ నేల మీదే ఎండి, ఈగలు పెరిగి, మేత పాడయ్యేది. అక్కడి పేడ పురుగులు కంగారూ పెంటికలకు అలవాటుపడినవి, ఆవు పేడ ముట్టేవి కావు. 1960ల చివరి నుంచి ఆఫ్రికా, ఐరోపాల నుంచి తగిన జాతులను ఏరి అక్కడ వదిలారు. ఏదో ఒక పేడ పురుగు సరిపోలేదు, సరైన జాతే కావలసి వచ్చింది.

బడిలో చేయగలిగిన పని

జూన్ మొదటి రెండు వారాల్లో, వాన పడిన మర్నాడు, దీపాల కింద పడిన పురుగులను పిల్లలు మూత ఉన్న డబ్బాలో తేవచ్చు. ఒక్కో రకానికి ఒకటో రెండో చాలు. వీటికి విషం లేదు, కుట్టవు. కొమ్ము పురుగు కాళ్ళు మాత్రం గీసుకుంటాయి, జాగ్రత్త చెప్పాలి. పట్టుకున్నాక చేతులు కడగాలి.

ఒక నోటు పుస్తకంలో పేజీకి ఒక పురుగు. దొరికిన తేదీ, చోటు, చెట్టు, వాన పడిందా లేదా, పొడవు మిల్లీమీటర్లలో, మీసం బొమ్మ, ముందు కాలు బొమ్మ. పేరు గడి చివర ఉండాలి, మొదట కాదు. ముందు చూడాలి, గీయాలి, తర్వాతే పేరు. పేరు గడిలో మూడు అరలు: తెలుగు, కన్నడ, శాస్త్రీయ నామం. తెలియని అర ఖాళీగా వదిలేయమంటాం. ఊహించి నింపితే మార్కులు ఇవ్వం.

తెలుగు అర నింపడానికి ఇంటి పెద్దలను అడగమని పిల్లలకు చెబుతాం. అవ్వకు తెలిసిన పురుగు పేరు పాఠ్యపుస్తకంలో ఉండకపోవచ్చు, అయినా రాయాలి. కన్నడ అరకు బడిలోని కన్నడ పండితుల సాయం తీసుకోవాలి. సైన్సు, తెలుగు, కన్నడ ఉపాధ్యాయులు ముగ్గురూ కలిసి సంతకం పెట్టే పుస్తకం బడిలో మరొకటి ఉండదు.

జాతి తేలనివాటిని పట్టుబట్టి తేల్చనక్కర్లేదు. బళ్ళారి పక్కనే హగరిలో వ్యవసాయ పరిశోధనా కేంద్రం, కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. అటువైపు అనంతపురం జిల్లాలో రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. బెంగళూరులో జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ పురుగులను గుర్తించే పనే చేస్తుంది. నమూనాతో పాటు తేదీ, ఊరు, పంట రాసిన చీటీ ఉంటేనే అది వాళ్ళకు పనికొస్తుంది. ఆ చీటీ రాయడం మన పిల్లలకు వచ్చి ఉండాలి.

ఇంట్లో పెద్దలకు

చేనిలో ఉన్నది వేరు పురుగేనని తేలితే చేయవలసిన పనులు చాలావరకు వానకు ముందూ, వాన పడిన వారంలోనూ ఉంటాయి. వేసవిలో లోతు దుక్కి దున్నితే మట్టిలో ఉన్నవి పైకొచ్చి పక్షుల పాలవుతాయి. తొలి వాన పడిన మూడు నాలుగు రోజులు చీకటి పడ్డాక వేప, రేగు, తుమ్మ చెట్ల కొమ్మలు దులిపి, రాలిన పెద్ద పురుగులను కిరసనాయిలు కలిపిన నీళ్ళలో వేయాలి. గుడ్లు పెట్టకముందే ఒక్క ఆడ పురుగు పోతే ఆ తర్వాతి సంతానమంతా పోయినట్టే. ఇది ఊరంతా ఒకేసారి చేస్తేనే ఫలితం, ఒక్క చేనివాడు చేస్తే పక్క చేనివి ఎగిరొస్తాయి. పచ్చి పెంట చల్లకుండా బాగా మాగిన ఎరువే తోలాలి. మెటారైజియం అనే శిలీంద్రాన్ని ఎరువులో కలిపి వేసే పద్ధతీ ఉంది.

మొక్కలు వడలిపోయిన ఆగస్టులో పురుగు లోతుగా, బలంగా ఉంటుంది. అప్పుడు మందు పోసినా పెద్దగా ఫలితం రాదు. ఒకప్పుడు వేరు పురుగుకు విరివిగా వాడిన ఫోరేట్ గుళికలను మన దేశంలో 2020 డిసెంబరు 31 నుంచి నిషేధించారు. ఎవరైనా పాత నిల్వ అంటగట్టబోతే తీసుకోవద్దు. ఏ మందు, ఎంత అన్నది రైత సంపర్క కేంద్రంలోనో, కృషి విజ్ఞాన కేంద్రంలోనో అడిగి రాయించుకోండి. ఆ కాగితం కన్నడలో ఉంటుంది, పిల్లల చేత చదివించుకోండి.

ఒక మాట తల్లిదండ్రులతో. 'తెలుగు మాధ్యమంలో చదివితే ఏం పనికొస్తుంది' అన్న ప్రశ్న మాకు ప్రతి జూన్‌లో ఎదురవుతుంది. దానికి జవాబులు చాలా ఉన్నాయి, ఇది వాటిలో ఒకటి మాత్రమే. అవ్వ చెప్పిన పేరు, అంగడాయన చెప్పిన పేరు, పుస్తకంలో ఉన్న పేరు మూడూ ఒక పురుగువేనా కాదా అని కాగితం మీద వదిలి చూసి చెప్పగలిగిన పిల్లవాడు ఇంట్లో ఉంటే ఆ ఇంటికి ఒక సీసా మందు ఖర్చు తప్పుతుంది. ఒక్కోసారి ఒక పంటే నిలుస్తుంది. ఈ ఏడు తొలి వాన పడగానే భూతద్దం ఒకటి కొనిపెట్టండి. పెంటదిబ్బ తవ్వే రోజు పిల్లలను వెంట తీసుకెళ్ళండి. మందులంగడికి వెళ్ళేది ఆ తర్వాతే.